వాగు పొంగి దారి తెగితే మొదటి వైద్యం ఎవరు చేయాలి?

ములుగు జిల్లా ఉపాధ్యాయుడు: 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్లపైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అటువంటి రోజున 108 వాహనం ఊరికి చేరలేదు కనుక, మా యువకులకు ముందుగా ఏమి నేర్పించాలో దయచేసి చెప్పండి.

హనుమకొండ నర్సు: పాముకాటుతో మొదలుపెట్టండి సార్, వరదనీటితో పాటు పాములూ ఇళ్లలోకి వస్తాయి. గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. కాటు పడిన కాలు కదలకుండా కర్రబద్దలు కట్టి, మనిషిని నడిపించకుండా మంచం మీద మోసుకుని, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి. మంత్రం వేసేవారికి కూడా ఇది నేర్పాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే చాలామంది మొదట వెళ్లేది వారి దగ్గరికే.

నర్సంపేట ఆశా కార్యకర్త: విరేచనాలైనవారికి తాగించే ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం కాబట్టి, మీ యువకుల చేతనే కొలిపించి చూడండి.

ఉపాధ్యాయుడు: ధన్యవాదాలమ్మా. ఈ శనివారమే బడిలో పాముకాటు పాఠం మొదలుపెడతాను.