స్ట్రట్లు, స్ప్రింగులు మార్చాక 90 దాటితే స్టీరింగ్ వణుకు. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా పోవట్లేదు

అడిగినవారు: కొత్తస్ప్రింగు

ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. టైర్లు 185/65 ఆర్15, రిమ్ములు కంపెనీవి కావు, బయట కొన్న అల్లాయ్‌లు. ముందు స్ట్రట్లు (స్ప్రింగును మోసే షాక్ అబ్జార్బర్లు) రెండూ, 35 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేతులు) బుష్‌లతో సహా ఒకేసారి మారాయి. అంతకు ముందు ఏ వణుకూ లేదు.

ఇప్పుడు 85 దగ్గర మొదలై 95–105 మధ్య స్టీరింగ్ బాగా వణుకుతోంది. 115 దాటితే తగ్గిపోతోంది. న్యూట్రల్‌లో వేసి వదిలేసినా అంతే. ఇది కాక మూడో గేరులో 50–70 మధ్య యాక్సిలేటర్ గట్టిగా తొక్కితే కాళ్ళ కింద ఫ్లోర్ ఊగుతున్నట్టు ఉంటోంది, కాలు తీయగానే మాయం. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం తేడా ఏమీ లేదు.

అలైన్‌మెంట్ అయింది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు అయింది, రెండోసారి మెషీన్ నాలుగు చక్రాలకూ సున్నా చూపించింది. కొత్త స్ట్రట్లే బాగోలేవా?

జవాబు: తిరుగుడులెక్క

స్ట్రట్ పాడైతే బండి గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది. నున్నటి రోడ్డు మీద ఒక స్పీడులో మాత్రమే వచ్చి, ఆ పైన తగ్గిపోయే వణుకు దాని పని కాదు. పైగా మీరు రాసినవి రెండు వేర్వేరు రోగాలు. ఒకే మందు వేస్తే రెండూ తగ్గవు.

ముందు లెక్క చూద్దాం. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. 100 స్పీడులో బండి సెకనుకు 27.8 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ ఏదైనా వేసి, ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద కదలకుండా అతికించి, పక్క సీట్లో వాళ్ళను చూడమనండి. 100 దగ్గర 14 హెర్ట్జ్ చుట్టూ శిఖరం కనబడితే చక్రం ఒక చుట్టుకు ఒక దెబ్బ కొడుతోందని అర్థం. అంటే చక్రం, టైరు, హబ్ (చక్రం బిగించే దిమ్మ), డిస్క్ (బ్రేకు పళ్ళెం), వీటిలోనే ఏదో ఒకటి. 28 దగ్గర కనబడితే చుట్టుకు రెండు దెబ్బలు, టైరు కోడిగుడ్డులా అయిందేమో చూడాలి. 42 దగ్గర, అదీ యాక్సిలేటర్ తొక్కినప్పుడే వస్తే చుట్టుకు మూడు. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి బలం అందించే షాఫ్టుకు లోపలి చివర ఉండే కీలు, అంటే లోపలి సీవీ జాయింట్‌లో ఉండే మూడు రోలర్ల సంతకం అది.

న్యూట్రల్‌లోనూ ఉందన్నారు కాబట్టి మొదటి వణుకులో ఇంజన్‌కు పాత్ర లేదు. స్టీరింగ్‌లో తెలుస్తోంది కాబట్టి ముందు చక్రాల్లోనే వెతకండి. వెనక చక్రాలదైతే ఎక్కువగా సీట్లో తెలిసేది. ఇంకా అనుమానం ఉంటే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపండి. వణుకు సీట్లోకి మారితే చక్రంలో లోపం. స్టీరింగ్‌లోనే ఉండిపోతే చక్రం కూర్చునే చోట లోపం.

జవాబు: గేరుపెట్టె

అలైన్‌మెంట్ సరిగా చేసి ఉండరు అన్నా. స్ప్రింగులు దించాక టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోతుంది. వేరే చోట మళ్ళీ చేయించు, పోతుంది.

జవాబు: డయల్‌గేజీ

టో మారుతుందన్నది నిజమే, దించాక అలైన్‌మెంట్ తప్పనిసరి. కానీ టో తప్పు వల్ల బండి పక్కకు లాగుతుంది, టైరు అంచు అరుగుతుంది. వణుకు నేరుగా రాదు. టైరు మెట్లు మెట్లుగా అరిగాక వస్తుంది, దానికి వేల కిలోమీటర్లు కావాలి. ట్రెడ్ మీద అరచేతిని ముందుకోసారి వెనక్కోసారి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితేనే ఆ దారిలో ఆలోచించండి.

నాకు అసలు అనుమానం బయటి అల్లాయ్‌ల మీద. వాటి మధ్య రంధ్రం తరచూ 73.1 మి.మీ. ఉంటుంది, చాలా చిన్న కార్ల హబ్ మధ్య బుడిపె 54.1. ఆ ఖాళీని నింపేందుకే ప్లాస్టిక్ రింగు వేస్తారు. స్ట్రట్ పని కోసం చక్రం లాగినప్పుడు అది పగిలిపోవడమో, హబ్‌కు అతుక్కుని వంకరవడమో, పాత సామానుతో పాటు చెత్తలోకి పోవడమో మామూలే. రింగు లేకపోతే చక్రాన్ని మధ్యలో నిలిపేది నట్ల కోను ఒక్కటే. బండి బరువు నేల మీద ఉండగా నట్లు బిగిస్తే చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చున్నా కోను దాన్ని సరిచేయలేదు.

అర మిల్లీమీటరేగా అనుకోవద్దు. చక్రం, టైరు కలిపి 16 కిలోలు అనుకుంటే, 0.5 మి.మీ. పక్కకు జరగడం 15 అంగుళాల రిమ్ము అంచున 42 గ్రాముల సీసం అదనంగా అతికించినట్టే. మెషీన్ సున్నా ఎందుకు చూపించిందంటే, అది కోను పెట్టి మధ్య రంధ్రం నుంచి చక్రాన్ని పట్టుకుంటుంది. మీ హబ్ మీద చక్రం ఎలా కూర్చుందో దానికి తెలియదు. మూడోసారి బ్యాలెన్సింగ్‌కు వెళ్ళినా అదే సున్నా వస్తుంది.

చేయాల్సిన పని: జాకీతో లేపి స్టాండు పెట్టండి. చక్రం తీసి రింగు ఉందా, హబ్ మీద తుప్పు పొర ఉందా చూడండి. హబ్ ముఖాన్ని, రిమ్ము వెనక భాగాన్ని వైర్ బ్రష్‌తో గీకి ఎమరీ కొట్టండి. హబ్ నుంచి పొడుచుకొచ్చే స్టడ్డుల మొదట్లో పేరుకున్న తుప్పును వదిలేస్తే మిగతాదంతా వృథా. గ్రీజు పూయొద్దు. డిస్క్ ఊడొస్తే దాని వెనక కూడా శుభ్రం చేయండి.

తర్వాత కొలత. డిస్క్‌ను నట్లకు వాషర్లు వేసి హబ్‌కు బిగించండి. డయల్ గేజీ (సన్నటి కదలికను ముల్లుతో కొలిచే పరికరం) అయస్కాంతాన్ని స్ట్రట్‌కు పెట్టి, ముల్లు డిస్క్ అంచు నుంచి 10 మి.మీ. లోపల తగిలేలా ఉంచి చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. హబ్ ముఖం దగ్గర 0.05, డిస్క్ దగ్గర 0.1 మి.మీ. దాటితే అనుమానించండి. దాటిన పక్షంలో డిస్క్‌ను ఒక స్టడ్ పక్కకు జరిపి మళ్ళీ కొలవండి. ఎత్తుగా ఉన్న చోటు డిస్క్‌తో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది, హబ్ దగ్గరే ఉండిపోతే హబ్‌ది. హబ్‌ను పట్టి ఉంచే నకిల్‌ను సుత్తితో కొట్టి స్ట్రట్ ఊడదీసి ఉంటే బేరింగ్ దెబ్బతినే అవకాశం ఉంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, ఆట ఉందేమో చూడండి.

చక్రం వేసేటప్పుడు అది గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో చివరిదాకా తిప్పి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా పానతో బిగించండి. కిందికి దించాక టార్క్ రెంచ్. ఎం12 స్టడ్లకు సాధారణంగా 100–120 న్యూటన్ మీటర్లు, కానీ మీ బండి మాన్యువల్ అంకెనే నమ్మండి. 50–100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి సరిచూడండి.

కొత్తస్ప్రింగు

ఎడమ పక్క రింగు లేదు. కుడి పక్కది ఉంది గానీ అంచు చిట్లింది. డిస్క్‌లు రెండూ 0.04 లోపలే. ఎడమ రిమ్ము పైకీ కిందికీ ఊగడం రింగు లేకుండా 0.9 మి.మీ., కొత్త రింగు వేసి గాల్లో బిగించాక 0.25. స్టీరింగ్ వణుకు 120 వరకూ లేదు. 50–70 మధ్య ఊపు మాత్రం అలాగే ఉంది. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడదీసి గేరులో నడిపి చూస్తే ఇంకా ఘోరంగా వణికింది. షాఫ్టులు మార్చేయాలా?

జవాబు: తిరుగుడులెక్క

లిఫ్ట్ మీద చూసిన దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చక్రాలు వేలాడుతుంటే షాఫ్టు రోడ్డు మీద ఎప్పుడూ ఉండనంత వాలుగా తిరుగుతుంది, ఆ కోణంలో మంచి జాయింటు కూడా వణుకుతుంది. అలా నడపడం జాయింటుకూ మంచిది కాదు.

మీ రెండో రోగం ఇది: జాయింటు కోణం పెరిగే కొద్దీ, దాని మీద పడే బలం పెరిగే కొద్దీ, రోలర్లు తమ గాడిలో సాఫీగా దొర్లకుండా ఈడ్చుకుంటాయి. ఆ ఈడ్పు షాఫ్టును ఒక చుట్టుకు మూడుసార్లు పక్కకు తోస్తుంది. 60 స్పీడులో చక్రం సెకనుకు 8.5 చుట్లు, మూడింతలు అంటే 25–26 హెర్ట్జ్. కాలు తీస్తే బలం పోతుంది, ఊపు ఆగుతుంది. యాప్‌లో ఆ అంకె వస్తే ఇక సందేహం అక్కర్లేదు.

షాఫ్టులు కొనే ముందు మూడు చూడండి. ఒకటి, స్ట్రట్ ఊడదీసినప్పుడు నకిల్‌ను బయటికి వాల్చి వదిలేశారా? అలా వదిలితే లోపలి జాయింటు హద్దు దాటి సాగుతుంది, రోలరు గాడి చివరికి తగిలి పక్కకు ఒరుగుతుంది, జాయింటును కప్పే రబ్బరు బూటు చిరుగుతుంది. బూటు మడతల్లో గ్రీజు కారిన మరక వెతకండి. రెండు, ఇంజన్ మౌంట్లు. ఒక్కటి కుంగినా గేర్‌బాక్స్ వాలి షాఫ్టు కోణం మారిపోతుంది. బండి దించడం వల్ల వచ్చిన కోణం తేడాకు ఇదీ తోడవుతుంది. మూడు, లోయర్ ఆర్ముల కోసం సబ్‌ఫ్రేమ్ (ఆ ఆర్ములు బిగించే కింది చట్రం) వదులు చేసి ఉంటే అది పక్కకు జరిగి ఉండొచ్చు. అప్పుడు ఒకవైపు షాఫ్టు లోపలికి నొక్కుకుపోతుంది, ఇంకోవైపుది బయటికి లాగబడుతుంది.

మూడూ బాగుంటే లోపలి జాయింటు విప్పండి. విప్పే ముందు రోలర్ల తలకూ గాడికీ గుర్తులు పెట్టుకోండి, తిరిగి అదే స్థానంలో వేయాలి. గాడి గోడ మీద గోరు గీరి చూడండి. చిన్న మెట్టు తగిలితే పాత ఎత్తులో వేల కిలోమీటర్లు అరిగిన చోటు అది, దించాక రోలరు ఆ మెట్టు మీదకు ఎక్కి దిగుతోందన్నమాట. కొత్త గ్రీజుతో అది పోదు, జాయింటు మార్చాల్సిందే. మెట్టు లేకపోతే ఆ జాయింటుకు చెప్పిన గ్రీజునే, చెప్పిన కొలతలోనే పెట్టి నడిపి చూడండి. అప్పటికీ ఊపు తగ్గకపోతే 35 మి.మీ. మీ బండికి ఎక్కువ. 20 మి.మీ. దించే స్ప్రింగులకు మారండి.

జవాబు: డయల్‌గేజీ

ఒకటి మర్చిపోయాను. లోయర్ ఆర్ము బోల్టులు చక్రాలు వేలాడుతుండగా బిగించి ఉంటే, మామూలు రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోతుంది. కొన్నాళ్ళకే చిరుగుతుంది, ఇలాంటి ఊపులు బాడీకి ఎక్కువగా పాకుతాయి. బోల్టులు కాస్త వదులు చేసి, బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు దొర్లించి, బరువు చక్రాల మీద ఉండగా బిగించండి. లోపలి గొట్టం చుట్టూ స్వేచ్ఛగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లైతే ఈ తంటా లేదు. ఆ పని అయ్యాకే మళ్ళీ అలైన్‌మెంట్‌కు వెళ్ళండి, ముందు వెళ్తే రెండుసార్లు చేయించుకోవాలి.