అప్‌డేట్: రీబూట్ తర్వాత ర్యామ్‌ఊప్స్ లాగ్ చెరిగిపోవడం – కారణం దొరికింది

ర్యామ్‌ఊప్స్ అంటే లినక్స్ కెర్నెల్ క్రాష్ (ప్యానిక్) అయినప్పుడు ఆ లాగ్‌ను ర్యామ్‌లో ఒక చోట దాచి, రీబూట్ తర్వాత చూపించే సదుపాయం. 512 ఎంబీ బోర్డులో (ర్యామ్ మొదలు హెక్స్‌లో 80000000) చివరి 1 ఎంబీని, అంటే 9ఎఫ్ఎఫ్00000 నుంచి, ర్యామ్‌ఊప్స్‌కి కేటాయిస్తే ప్యానిక్ లాగ్ మిగలడం లేదన్నది నా ప్రశ్న. తప్పు కెర్నెల్‌ది కాదు. కెర్నెల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ యూ-బూట్ తనను తాను ర్యామ్ పైచివరికి కాపీ చేసుకుంటుంది, దాని కిందే అది వాడుకునే మెమరీ (మాలాక్, స్టాక్). అలా అక్కడున్న పాత లాగ్ చెరిగిపోతుంది. డివైస్ ట్రీలో (కెర్నెల్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ఫైలు) రిజర్వ్ చేసినా ఈ కాపీ ఆగదు. బీడీఇన్ఫో కమాండ్‌లో రీలొకేషన్ అడ్రస్ (ఆ కాపీ చేరే చోటు) చూడగానే విషయం తేలిపోయింది.

ర్యామ్‌ఊప్స్ రీజియన్‌ను 98000000కి దించాను. డివైస్ ట్రీలోని రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లో ఖాళీ రేంజెస్ ప్రాపర్టీ (విలువ ఇవ్వని ranges లైను) కూడా పెట్టాలి, లేకపోతే కెర్నెల్ ఆ నోడ్‌ను పట్టించుకోదు, బూట్ లాగ్‌లో ఒక్క లైను చెప్పి ఊరుకుంటుంది (అదే నేను చూడలేదు!). రికార్డు సైజు (ఒక్కో క్రాష్ లాగ్‌కి) 128 కేబీ, కన్సోల్ సైజు (కన్సోల్ మెసేజ్‌లకి) 256 కేబీ.

ఇప్పుడు వార్మ్ రీసెట్ (పవర్ తీయకుండా రీబూట్) తర్వాత పీస్టోర్‌లో (దాచిన లాగ్‌లు కనిపించే ఫోల్డర్) లాగ్ కనిపిస్తోంది. పవర్ తీసేస్తే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే, అది డీర్యామ్, పవర్ పోతే అందులోది నిలవదు.