మంచినీటికి కొలవదగ్గ లక్ష్యం ఎలా రాయాలి? 135 లీటర్లు అంటే సరిపోతుందా?

పాతగుంటూరు_వాసి:
పట్టణ కార్యాచరణ ప్రణాళికలో తాగునీటి భాగం రాయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దార్శనిక పత్రం ‘స్వర్ణాంధ్ర 2047’లోవి రాష్ట్ర స్థాయి లక్ష్యాలు. వాటిని వార్డు దాకా ఎలా దించాలి? ‘అందరికీ సరిపడా నీరు’ అని రాస్తే అంకె వేయమని వెనక్కి పంపుతున్నారు. తలకు రోజుకు 135 లీటర్లు, ఫిర్యాదుల పరిష్కారం 100 శాతం అని పెడితే చాలా?

బెజవాడ_ఇంజనీరు:
చాలదండీ. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ఇచ్చిన సేవా ప్రమాణాల్లో నీటి సరఫరాకే తొమ్మిది సూచికలున్నాయి. 135 లీటర్లు వాటిలో ఒకటి మాత్రమే. పైగా ఆ లెక్క పంపిణీ వ్యవస్థలోకి వదిలిన నీటిది, కుళాయిలో పడిన నీటిది కాదు. 50 వేల జనాభాకు రోజుకు 67.5 లక్షల లీటర్లు వదిలితే కాగితం మీద లక్ష్యం పూర్తయినట్టే. అందులో 35 శాతం బిల్లుకు రాని నీరనుకోండి, లెక్కకు దొరికేది తలకు 88 లీటర్ల లోపే. ఆ 35 శాతమంతా లీకేజీ కాదు, వీధి కుళాయిలు, దొంగ కనెక్షన్లు కూడా అందులోనే ఉంటాయి. అందుకే బిల్లుకు రాని నీటి శాతాన్ని 135 పక్కనే రాయాలి. దానికి ప్రమాణం 20 శాతం.

ఊరంతటికీ ఒకే సగటు వేయకండి. విజయవాడలో గుణదల, మొగల్రాజపురం కొండల మీది ఇళ్లనూ నది ఒడ్డున పల్లంలో ఉన్న కృష్ణలంకనూ కలిపి సగటు తీస్తే కొండ మీద కష్టం కనబడదు. ట్యాంకు వారీగా, శివారు కుళాయి (పైపులైను చిట్టచివరిది) దగ్గర అంకె పెట్టండి: ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్ల పీడనం (నీటిని 7 మీటర్ల ఎత్తుకు ఎక్కించే ఒత్తిడి), అంటే గేజిలో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోలు. నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్ (ఫ్రీ క్లోరిన్) లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. శాంపిలు ట్యాంకు కింద పట్టి రిపోర్టు రాసుకుంటే మురుగు కాలువలో మునిగిన పైపు సంగతి ఎప్పటికీ బయటపడదు. 2018లో పాత గుంటూరులో అతిసారం ఎలా ప్రబలిందో మీకు తెలిసిందే.

పాతగుంటూరు_వాసి:
ఇళ్లకు మీటర్లు లేవు కదండీ, మరి శివారులో ఎలా కొలవాలి?

బెజవాడ_ఇంజనీరు:
20 లీటర్ల క్యాను, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. 100 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు. గంట సరఫరాకు 720, అయిదుగురున్న ఇంటికి తలకు 144. కానీ నీళ్లొదిలిన మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, కట్టేసే ముందు ఒకసారి పట్టి చూడాలి. వీధిలో మోటార్లు మొదలయ్యాక ధార సన్నబడుతుంది. ఒక్కసారే కొలిస్తే పై లెక్కంతా తప్పు. ట్యాంకు అవుట్‌లెట్‌కు బల్కు మీటరు (ట్యాంకు నుంచి వదిలిన మొత్తం నీటిని కొలిచేది) మాత్రం తప్పనిసరి. అది లేకపోతే పంపు నడిచిన గంటలను పంపు సామర్థ్యంతో గుణించి అంకె రాసేస్తారు. పాతబడిన పంపు అంత తోడదు.

లెక్కల_మాస్టారు:
ఫిర్యాదుల సంగతి నేను చెబుతాను. 2008 ప్రమాణం 24 గంటల్లో 80 శాతం పరిష్కారం. 100 శాతం అని రాయకండి. పైపు మార్చాల్సిన పని ఒక్క రోజులో కాదు, రాస్తే సిబ్బంది ‘సంబంధిత శాఖకు పంపాం’ అని మూసేయాల్సి వస్తుంది. ఇంగ్లండులో అత్యవసర కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లోపు అంబులెన్సు చేరాలని లక్ష్యం పెట్టినప్పుడు, కొన్ని చోట్ల రికార్డుల్లో సరిగ్గా 8 నిమిషాల లోపే చేరికలు గుట్టగా పోగుపడ్డాయి. గడువు అంచున గుట్ట కనబడితే ముందు రికార్డునే అనుమానించాలి.

కాబట్టి రెండు అంకెలు జోడించండి. 30 రోజుల్లో అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు మళ్లీ ఎన్ని వచ్చాయి? మూసిన వాటిలో లాటరీ తీసినట్టు ఏరిన ఇళ్లకు ఫోన్ చేస్తే ఎంతమంది ‘అయింది’ అన్నారు? ఆ ఫోన్లు వార్డు ఎమినిటీస్ సెక్రటరీ (వార్డులో నీళ్లలాంటి సౌకర్యాల పనులు చూసే ఉద్యోగి) చేయకూడదు, పక్క వార్డు వాళ్లకు అప్పగించండి. పని చేసినవారే మార్కులు వేసుకునే పద్ధతిలో ఏ అంకె పెట్టినా నిజం తెలియదు.

ఇంకొకటి, ప్రతి లక్ష్యం ఎదుట ఇప్పటి అంకె, అది కొలిచిన తేదీ రాయండి. కృష్ణ నీళ్లు పుష్కలంగా ఉన్న అక్టోబరులో కొలిచి మే నెలతో పోల్చకండి, మేతో మేనే పోల్చాలి.