మూడు నోడ్లు పెట్టాక డేటాబేస్ ఇంకా నెమ్మదించింది, ఎందుకు?

ప్రశ్న:
ఒక్క సర్వర్ మీద నడిచే మరియాడీబీ డేటాబేస్‌ని పోయిన వారం గలేరా క్లస్టర్‌కి, అంటే ఒకే డేటాబేస్‌ని కలిసి నడిపే సర్వర్ల గుంపుకి, మార్చానండి. మూడు నోడ్లు (అంటే మూడు సర్వర్లు), వాటి ముందు వచ్చే పనిని పంచే లోడ్ బ్యాలెన్సర్, ఇన్సర్టులు, అప్‌డేట్లు కూడా మూడింటికీ పంచేశాను. మూడు మెషిన్లు కదా, రెండింతల వేగమైనా వస్తుందనుకున్నా. తీరా చూస్తే సెలెక్టులు (చదివే క్వెరీలు) బాగానే ఉన్నాయి గానీ రాతలు మునుపటికంటే నెమ్మది, పైగా ఇంతకు ముందు ఎప్పుడూ చూడని 1213 డెడ్‌లాక్ ఎర్రర్లు లాగ్ నిండా. నాలుగో నోడ్ కలిపితే తగ్గుతుందా?

జవాబు:
తగ్గదండి, ఇంకాస్త పెరిగినా పెరుగుతుంది. గలేరాలో ప్రతి నోడ్ దగ్గరా మొత్తం డేటా ఉంటుంది, కాబట్టి ఒక్క ఇన్సర్ట్ వస్తే మూడూ రాసుకోవాల్సిందే. అక్కడ పని పంచుకోవడం లేదు, అందరూ అదే పని చేస్తున్నారు. దానికి తోడు కమిట్ కొట్టిన (మార్పుల్ని ఖాయం చేయమన్న) ప్రతిసారీ ఆ మార్పులు మిగతా నోడ్లకి చేరి, ఏది ముందు ఏది వెనక అన్నది ఖరారై, సర్టిఫికేషన్ (వేరే మార్పులతో గొడవ ఉందా అన్న పరీక్ష) దాటాకే మీ అప్లికేషన్‌కి జవాబు వస్తుంది. అంటే బాగా దూరంగా ఉన్న నోడ్ ఏదో, మీ కమిట్ వేగం దాని చేతిలో ఉన్నట్టే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది; వెయ్యి కిలోమీటర్ల అవతల నోడ్ పెడితే రానూపోనూ 10 మిల్లీసెకన్లు దారిలోనే అయిపోతాయి, ఎంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నా అవి తిరిగి రావు. వీలైతే చిన్న చిన్న ఇన్సర్టులు కొన్నింటిని కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఒకే కమిట్‌తో ముగిసే పనిలో) పెట్టండి, ఆ ఎదురుచూపు ఒక్కసారితో పోతుంది.

డెడ్‌లాక్‌లంటారా, టేబుల్‌లోని ఒకే రోని (వరుసని) రెండు నోడ్ల మీద ఒకేసారి మారుస్తున్నారు. నోడ్ల మధ్య ముందస్తు లాక్ ఉండదు, గొడవ కమిట్ దగ్గరే తేలుతుంది, ఓడినది రోల్‌బ్యాక్, అంటే దాని మార్పులు రద్దు; మీకు 1213గా కనిపించేది అదే. రాతలన్నీ ఒక్క నోడ్‌కే పంపండి.

ఇంకొకరి జవాబు:
నాలుగో నోడ్‌తో భద్రత కూడా పెరగదు. క్లస్టర్ నడవాలంటే మెజారిటీ నోడ్లు ఒకదానికొకటి అందుబాటులో ఉండాలి; నాలుగింట్లో మెజారిటీ అంటే మూడు, అంటే మూడు నోడ్లప్పటి లాగే ఒక్కటి పడిపోతే తట్టుకుంటుంది, అంతే. రాతలే నిజంగా సమస్యైతే డేటాని ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లలో పెట్టే షార్డింగ్ చూడాలి, కానీ అప్పుడు జాయిన్లు (వేర్వేరు టేబుళ్ల డేటాని కలిపే క్వెరీలు) నెట్‌వర్క్ మీద పాకుతాయి. ఆ తలనొప్పి ముందే ఆలోచించుకోండి.

అడిగినవారు:
రాతలు ఒకే నోడ్‌కి మార్చా, 1213 దాదాపు పోయింది, థాంక్స్. కానీ రాత్రి అరగంట సేపు మొత్తం క్లస్టర్ బిగుసుకుపోతోంది.

జవాబు:
ఆ టైమ్‌లో ఏదో ఒక నోడ్ మీద బ్యాకప్ నడుస్తోందా? వెనకబడిన నోడ్ ‘ఆగండి’ అంటే మిగతావన్నీ ఆగుతాయి, దాన్నే ఫ్లో కంట్రోల్ అంటారు. ముందు ఫ్లష్ స్టేటస్ కమాండ్ కొట్టి లెక్కలు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టి, రాత్రి అయ్యాక ఫ్లో కంట్రోల్ పాజ్‌డ్ విలువ చూడండి. 0 దగ్గర ఉండాలి. 0.3 వస్తే ఆ సమయంలో 30 శాతం ఊరికే ఆగినట్టు.

అడిగినవారు:
0.4 వచ్చింది. మూడో నోడ్ మీద బ్యాకప్ ఉంది, నిజమే.

జవాబు:
బ్యాకప్ మొదలుపెట్టే ముందు ఆ నోడ్‌లో డీసింక్ ఆన్ చేయండి, అప్పుడు అది వెనకబడినా మిగతావాటిని ఆపదు; అయ్యాక ఆఫ్. అది మళ్లీ అందుకునేదాకా లోడ్ బ్యాలెన్సర్‌లోంచి కూడా తీసేయండి, లేకపోతే యూజర్లకి పాత డేటా కనిపిస్తుంది.