నాయన నడక డాక్టరు తావ ఒకలా, ఇంట్లో ఇంకోలా: ఫోన్ సెన్సార్‌తో కొలిచినోళ్ళు ఎవరన్నా ఉండారా?

గడపోడు (కడప)
అందరికీ నమస్తే. మా నాయనకి పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) అని తేలి కొన్నేళ్ళయింది. డాక్టరు గదిలో నడవమంటే చేతులు ఊపుకుంటా బ్రహ్మాండంగా నడుస్తాడు, అదే ఇంట్లో వంటింటి గడప కాడికొచ్చేసరికి కాళ్ళు బండకి అతుక్కున్నట్టు నిలబడిపోతాడు, మనం చెయ్యి పట్టుకుంటే తప్ప కదలడు. డాక్టరుకి చెప్తే ఇక్కడ బాగానే ఉందే అంటాడు, ఆయన్నీ ఏమనలేం, ఆయన చూసేది ఆ నాలుగడుగులే. నడుముకీ కాళ్ళకీ చిన్న సెన్సార్లు కట్టి నడక రికార్డు చేస్తారంట గదా, ఆ కిట్లు మనం కొనే ధరలో లేవు. ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉండాది, కడితే ఏమన్నా తెలుస్తాదా? మా నాయన పంచె మనిషి, మొలతాడుకి కట్టొచ్చా అని మా తమ్ముడు అడుగుతాండాడు. నవ్వద్దండప్పా.

ఫిజియో_అనంత (అనంతపురం)
నవ్వొచ్చింది గానీ అడగాల్సిన ప్రశ్నే. మొలతాడు వద్దు, ఫోన్ ఊగితే మీ నాయన నడక బదులు ఫోన్ ఊగుడే రికార్డవుతుంది. మెడికల్ షాపులో నడుంనొప్పికి బెల్టు దొరుకుతుంది గదా, అది బనీను మీద కట్టి, వెనకవైపు నడుం కింద సరిగ్గా వెన్నెముక మధ్యన ఫోన్ ఇరికించి బిగించండి. మనిషి బరువు కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి అడుగు పడిన ప్రతిసారీ అక్కడ స్పష్టంగా తెలుస్తుంది, జేబులో పెడితే అంత రాదు.

పరీక్ష కూడా ఒకటే పెట్టుకోండి, రోజుకో రకం వద్దు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వెనక్కొచ్చి కూర్చోవడం, దీన్ని టైమ్డ్ అప్ అండ్ గో అంటారు, 1991 నుంచీ వాడుకలో ఉంది. పెద్దవాళ్ళకి 12 సెకన్లు గానీ అంతకంటే జాస్తి గానీ పట్టిందంటే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్కేస్తారు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు. స్టాప్‌వాచ్ మొత్తం టైమే చెప్తుంది, సెన్సార్ అయితే లేవడానికెంత, తిరగడానికెంత, కూర్చోడానికెంత అని విడగొట్టి చూపిస్తుంది, పార్కిన్సన్స్‌లో అసలు గొడవంతా ఆ తిరిగే కాడే.

ఇంకోటి, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో ప్రతి రికార్డు పక్కన రాయండి. లెవోడోపా (పార్కిన్సన్స్‌కి ఇచ్చే మందు) పనిచేస్తున్నప్పుడు నడక వేరు, దాని పవర్ దిగిపోయినప్పుడు వేరు. ఆస్పత్రికి వచ్చేముందు అందరూ టైముకి మాత్ర వేసుకునే వస్తారు, ఇంక డాక్టరుకేం కనపడుతుంది? పక్కన ఒక మనిషి లేకుండా మాత్రం అస్సలు చేయించొద్దు.

బురుజు_బ్యాచ్ (కర్నూలు)
ఇంజనీరింగ్ సైడు నుంచి నేను చెప్తా. ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉండాది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళది. అందులో రిమోట్ యాక్సెస్ ఆన్ చేస్తే ఒకే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచే స్టార్టూ స్టాపూ కొట్టొచ్చు, నడుముకి కట్టిన ఫోన్‌ని మల్ల తాకే పని లేదు. ముందు ఫోన్‌ని బల్ల మీద కదలకుండా పెట్టి చూడు, యాక్సిలరేషన్ (వేగం మారే లెక్క) గురుత్వంతో కలిపి 9.8 మీ/సె² దగ్గర చూపించాల, వేరే ఏమన్నా చూపిస్తాంటే ఆ ఫోన్ పక్కన పెట్టేయ్. సెకనుకి 100 రీడింగులు వస్తే చాలు.

అయితే యాక్సిలరేషన్ నుంచి దూరం లాగుదామని మాత్రం చూడొద్దు బ్రో, రెండుసార్లు ఇంటిగ్రేట్ చేయాల (క్షణక్షణానికీ కూడుకుంటా పోవాల) గదా, 0.1 మీ/సె² అంత చిన్న తప్పు స్థిరంగా ఉన్నా 10 సెకన్లకి 5 మీటర్లు తేడా కొడ్తుంది, మీ నాయన వంటింట్లో ఉంటే గ్రాఫులో వీధిలో ఉంటాడు. పాదానికి కట్టే సెన్సార్లలో దీనికి ఒక ఉపాయం ఉండాది, అరికాలు నేల మీద ఆనిన ప్రతిసారీ వేగం సున్నా అని సరిచేసుకుంటా పోతారు, నడుం ఫోన్‌కి ఆ వీలు ల్యా. నువ్వు అడుగుల మధ్య టైమూ, జైరోస్కోప్‌లో (తిరిగే వేగం కొలిచే సెన్సార్) తిరుగుడూ చూసుకో, అవి నమ్మొచ్చు.

గడప కాడ ఆగేది పట్టాలంటే పిక్క ముందు ఎముక మీద కట్టాల. మామూలు నడకలో కాలి కదలిక 3 హెర్ట్జ్ (సెకనుకి 3 సార్లు) లోపలే ఉంటాది, కాళ్ళు అతుక్కున్నప్పుడు లోపల్లోపల వణుకుతాంటాయి, అది 3 నుంచి 8 మధ్య వస్తాది, ఆ రెంటి నిష్పత్తి చూసే పద్ధతి 2008లో వచ్చింది, ఇప్పటికీ అదే వాడతాండారు.

రాజంపేట_కోడలు
మా అత్తకి స్మార్ట్‌వాచ్ కొనిచ్చినాం, వాకర్ పట్టుకుని హాలంతా తిరిగినా అడుగులు లెక్కకే రావు, చెయ్యి ఊగదు గదా మరి, అదే కూర్చుని చపాతీపిండి పిసికితే మాత్రం లెక్క ఎక్కుతాది. నెమ్మదిగా నడిచే పెద్దోళ్ళకి చేతి గడియారం వద్దండి.

తాడిపత్రి_పెద్దాయన
ఇంత రాద్ధాంతం ఏమిటికప్పా. 6 మీటర్లు టేపుతో కొలిచి చాక్‌పీసు గీతలు గీయండి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. 2019లో ఆసియా వాళ్ళకని పెట్టిన కండరాల క్షీణత లెక్కలో సెకనుకి 1 మీటరు కంటే తక్కువ నడిస్తే బలహీనం కింద చూస్తారు. మా ఆవిడకి షుగర్‌తో అరికాళ్ళు మొద్దుబారినాయి, పగలు బాగానే నడుస్తాది, కరెంటు పోతే గోడ పట్టుకుంటాది. దీనికి సెన్సారేం కావాల, కండ్లు మూసుకుని నిలబడమంటే తెలిసిపోతాది.

ఫిజియో_అనంత
పెద్దాయనా, వేగానికి మీ టేపు చాలు, అందులో నేనూ మీ పార్టీనే. కళ్ళు మూసినప్పుడు ఎంత ఊగుతున్నారు, పోయిన నెలకీ ఇప్పటికీ పెరిగిందా తగ్గిందా అనేది మాత్రం మన కంటికి ఆనదు, అక్కడే నడుం సెన్సార్ పనికొచ్చేది. అమ్మకి పరీక్ష చేసేటప్పుడు గోడ మూలన నిలబెట్టి, మీరు ముందు నిలబడండి.

గడపోడు
అందరికీ థ్యాంక్స్. బెల్టు పద్ధతిలో తీసినాం. నేరుగా నడిచేటప్పుడు పొద్దున మాత్రకి ముందు, మాత్ర వేసుకున్నాక గంటకి పెద్ద తేడా ల్యా, తిరిగేటప్పుడు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉండాది, మాత్రకి ముందు తిరగడానికే బోలెడు చిన్న చిన్న అడుగులు వేస్తాండాడు, ఆ గ్రాఫు దువ్వెన పళ్ళ మాదిరి ఉండాది. మొదట్లో మేమందరం చుట్టూ నిలబడి చూస్తాంటే బాగానే నడిచినాడు, అది పనికిరాదని, టిఫినుకి పిలిచి వంటింట్లోకి రమ్మని తీసినాం. నీళ్ళ చెంబు చేతికిచ్చి నడవమంటే ఇంకా బిన్నా దొరికిపోయినాడు. ప్రింటుతో పాటు గడప కాడి వీడియో కూడా డాక్టరుకి చూపిస్తే రొంతసేపు చూసి, మాత్రల టైములు మారుస్తా, ఇదే పద్ధతిలో మల్ల తీసుకురా అన్నాడు. గడప కాడ నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు అంటించి వాటిని దాటమని కూడా చెప్పినాడు, గీత కనపడితే కాలు లేస్తాండాది నిజంగానే. మా అమ్మకి మాత్రం కొత్త బండల మీద ఆ టేపు చూస్తే యాష్టగా ఉండాది.

బురుజు_బ్యాచ్
సూపర్. పాత ఫైళ్ళు డిలీట్ చేయొద్దు, టైములు మార్చినాక తీసినవాటితో పక్కపక్కన పెట్టాల. బెల్టు అదే ఎత్తులో కట్టు, ఫోన్ కూడా మార్చొద్దు.

రాజంపేట_కోడలు
వాకర్ వాడేవాళ్ళకి కూడా నడుం బెల్టేనా, ల్యాకుంటే చీలమండకా? మా అత్త చీర కుచ్చిళ్ళు తగులుతాయేమో అని అడుగుతాండా.

ఫిజియో_అనంత
చీలమండే నయం, వాకర్‌తో నడుం కదలిక బాగా తగ్గిపోతుంది. ఫోన్ అక్కడ బరువవుతుంది, అడుగులు లెక్కపెట్టే చిన్న బ్యాండు ఏదైనా కాలికి కట్టండి. చీర కొంచెం పైకి కట్టమనండి, సెన్సార్ కోసం కాకపోయినా వాకర్‌తో నడిచేవాళ్ళకి అది ఎలాగూ కావాలి.