నైట్ పోర్ట్రెయిట్‌లో లైట్లు గీతలైతే అది ప్రయోగమా, షేక్ అయిన ఫోటోనా?

సందెవెలుగు
ఫోటో జత చేశాను. స్నేహితురాలు ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడింది, వెనకంతా ట్రాఫిక్, వీధి దీపాలు. 35 ఎంఎం, ఎఫ్ 5.6, 1/4 సెకను, ఐఎస్ఓ 400, ఎడమ పక్క నుంచి ఫ్లాష్, రియర్ కర్టెన్ సింక్ (అంటే షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలగడం). షట్టర్ తెరుచుకున్నాక కెమెరాని మెల్లగా పక్కకి లాగాను. లైట్లన్నీ గీతలయ్యాయి. ముఖం ఎడమ సగం స్పష్టంగా ఉంది, కుడి చెంప మీదుగా ఒక ఎర్ర గీత పోయింది. క్లబ్బు రివ్యూలో చూపిస్తే ఒక సీనియర్ "షేక్, డిలీట్ చెయ్" అని తర్వాతి ఫోటోకి వెళ్లిపోయారు. పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం మొత్తం సెట్‌లో ఇదొక్కటే బాగుందన్నారు. రాత్రి పోర్ట్రెయిట్‌లో వెనక లైట్లు గుండ్రంగా, కదలకుండా ఉండి తీరాలా?

ఎనభైఐదు
సీనియర్ చెప్పింది కరెక్టే, చెప్పిన తీరు వేరే సంగతి.

అసలు సమస్య లెన్స్ దగ్గరుంది. చాలామందికి తెలియని లెక్క ఒకటి చెప్తా. బాగా దూరంలో ఉన్న లైటు, మనం ఫోకస్ చేసిన ముఖం దగ్గర కొలిస్తే, లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) వ్యాసం ఎంతో అంత సైజు బిళ్లలా పడుతుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి. మీది 35 బై 5.6, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ముఖం పక్కన శనగగింజంత. 85 ఎంఎం ఎఫ్ 1.8 అయితే 47 మిల్లీమీటర్లు, ముఖం వెడల్పులో మూడో వంతు. మనిషి దగ్గరికి వెళ్లినా దూరం జరిగినా ఆ నిష్పత్తి మారదు. మీకు బ్లర్ చాల్లేదు, ఆ లోటుని చెయ్యి ఊపి పూడ్చారు. దాన్ని ప్రయోగం అనుకుంటే మీ ఇష్టం.

ఫోన్‌చాలు
ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెడితే రెండు సెకన్లలో అయ్యే పనికి ఇంత లెక్కలా 🙂

వంకరగీత
సందెవెలుగు గారూ, డిలీట్ చేయకండి.

ఏం జరిగిందో తీసినవాళ్లకే తెలియకపోతే దాన్ని షేక్ అనాలి. మీరు కావాలని లాగారు. ఫ్లాష్ తక్కువ పవర్‌లో వెలిగేది వెయ్యో వంతు సెకను కన్నా తక్కువే, ఆ కాసేపట్లో చెయ్యి ఎంత కదిలినా ముఖం చెదరదు. మిగతా పావు సెకనంతా లైట్లది. ఒకే ఫ్రేములో రెండు ఎక్స్‌పోజర్లు ఉన్నాయన్నమాట. రియర్ కర్టెన్ పెట్టడం వల్లే ముఖం అంత నిలబడింది. కుడి చెంప మీద గీత ఎందుకొచ్చిందంటే అటు ఫ్లాష్ పడలేదు కాబట్టి. నీడగా ఉన్న చోటే గీత ఎక్కుతుంది, నల్ల బట్టల మీద ఇంకా ఎక్కువ. వద్దనుకుంటే అటువైపు ఒక తెల్ల రిఫ్లెక్టర్ పెట్టండి.

ఇక ఈ "షార్ప్‌గా లేకపోతే ఫోటో కాదు" అనే మాట కొత్తదేం కాదు. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్‌ని 1860ల్లోనే ఫోకస్ చేయడం రాదని పత్రికల్లో తిట్టారు. తర్వాత 1932లో అమెరికాలో ఎఫ్/64 అనే ఫోటోగ్రాఫర్ల గ్రూపు వచ్చి ఆ మెత్తదనం అంతటినీ ఊడ్చేద్దామంది. ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ అందులోవాళ్లే. ఇప్పుడు చూడండి, మ్యూజియంలో ఇటువాళ్లూ ఉన్నారు, అటువాళ్లూ ఉన్నారు.

ఎనభైఐదు
చరిత్ర తర్వాత చూద్దాం. "రియర్ కర్టెన్ పెట్టడం వల్లే ముఖం నిలబడింది" అన్నారు, ఇది తప్పు. ఫ్లాష్ మొదట వెలిగినా చివర వెలిగినా ముఖం అంతే నిలబడుతుంది. రియర్ కర్టెన్ వల్ల ఉపయోగం మనిషో బండో కదులుతున్నప్పుడు, గీత వెనక పడేలా చేయడానికి. ఇక్కడ కదిలింది కెమెరా. తేడా ఏదైనా ఉంటే గీతలు ముఖానికి ఏ పక్కకి వెళ్తాయనే. అది లాగే దిశ మార్చినా వస్తుంది.

వంకరగీత
తేడా ఉంది. చివర వెలిగితే చెయ్యి ఆగబోయే చోట ముఖం పడుతుంది. మొదట వెలిగితే ఫ్రేము మధ్యలో పెట్టి లాగాలి. చేసి చూసినవాళ్లకి తెలుస్తుంది.

ఎనభైఐదు
చేసి చూసే చెప్తున్నా. పైగా ఆటో ఫ్లాష్‌లో రియర్ పెడితే కొలత కోసం ముందొక చిన్న ఫ్లాష్ వెలుగుతుంది. ఎదుటి మనిషి అయిపోయిందనుకుని కళ్లు తిప్పేస్తుంది, అసలు ఫ్లాష్ అప్పుడు వస్తుంది. సగం ఫోటోలు అలానే పోతాయి.

పైపైన
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

ఫోన్‌చాలు
నాకైతే ఆ గీతలు కంప్యూటర్లో వేసినట్టున్నాయి. నిజం చెప్పండి.

వంకరగీత
జూమ్ చేసి వీధి దీపం గీతని చూడండి. సాఫీ గీత కాదు, చుక్కలు చుక్కలుగా ఉంది. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా రకాల దీపాలు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. పావు సెకనులో పాతిక చుక్కలు రావాలి. లెక్కపెట్టుకోండి. లోపలి డ్రైవర్ సర్క్యూట్ మంచిదైతే ఎల్‌ఈడీలో ఆ మినుకు కనపడదు, అందుకే పక్క గీత సాఫీగా ఉంది. ఇన్ని రకాలు కలిపి ఎవరూ చేత్తో వేయరు.

ఎనభైఐదు
ఈ ఒక్క విషయంలో వంకరగీతతో ఏకీభవిస్తున్నా. ఫోన్ సంగతి కూడా చెప్తా. ఫోన్ అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లే, అపర్చర్ వ్యాసం నాలుగుకి అటూ ఇటూ. మిగతా బ్లర్ అంతా సాఫ్ట్‌వేర్ ఊహించి పూసేదే. లైటు మధ్యలో తెల్లగా మాడిపోయాక దాన్ని పరిస్తే బిళ్ల వెలగదు, వెలిసిపోతుంది. జుట్టు అంచులు చూస్తే ఇట్టే దొరికిపోతుంది.

ఫోన్‌చాలు
చూసేవాళ్లకి అది కనపడదు సార్. మీకే కనపడుతుంది.

వంకరగీత
సరే, లైట్లు గుండ్రంగా ఉంటేనే "క్లీన్" అనే వాళ్లకి నా అనుభవం ఒకటి చెప్తా. ఒక పోటీకి ఇలాంటి ఫోటోనే పంపా. "సాంకేతిక లోపం" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. మరుసటి ఏడాది అదే పోటీలో అచ్చం అదే పద్ధతిలో తీసిన ఫోటోకి బహుమతి వచ్చింది. జడ్జి మారాడు, అంతే. అప్పట్నుంచి "రూలు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైఐదు
పోటీలో ఓడినందుకు లెన్సుల మీద పగ పెంచుకున్నారన్నమాట.

వంకరగీత
ఖరీదైన లెన్స్ కొన్నందుకు ప్రపంచమంతా బిళ్లలు వేయాలనడం కన్నా నయమే. మీ ఆల్బమ్ చూశాను. నలభై ముఖాలు, నలభై వెనకలు, అన్నీ ఒకటే. ఏ ఊరో, ఏ వీధో, ఆ రాత్రి వాన పడిందో లేదో ఏమీ తెలియదు. మీ 47 మిల్లీమీటర్లు ఊరినే మింగేశాయి.

ఎనభైఐదు
మీ గీతలు మనిషినే మింగేశాయి. ఏది మేలు?

నా అనుభవం కూడా వినండి. ఒక క్లయింట్ పని. నాతో పాటు ఇంకో ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. నైట్ సెషన్ అంతా ఇలా కెమెరా ఊపుకుంటూ తీశాడు. ఆవిడకి ఫోటోలు ఇచ్చాం. అన్నీ తిప్పి చూసి ఒక్కటే అడిగింది: "వీటిలో నేనెక్కడున్నా?" అతను ఆర్ట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. మిగతా డబ్బు ఇద్దరికీ రాలేదు. ఆ డబ్బు పోయినందుకు కాదు, ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేకపోయిందే, అది గుచ్చుకుంది. కామెరాన్ పేరు మీరే ఎత్తారు కదా. ఆవిడ 1867లో తీసిన ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ ఫోటో చూడండి. అంచులు ఎంత మెత్తబడినా, జుట్టు ఎంత చెదిరినా ఆ ముసలాయన మాత్రం పోలేదు.

వంకరగీత
అది మొదటే చెప్పి ఉండాల్సింది. అపర్చర్ లెక్కల వెనక దాక్కోవడం ఎందుకు?

కెమెరాముందు
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. నేను ఫోటోలు తీయను, తీయించుకుంటాను. తెలిసినవాళ్లకి మోడల్‌గా నిలబడుతుంటా. రాత్రిపూట "కదలకు, కదలకు" అంటూ గంటసేపు నిలబెడతారు. తీసినవి అక్కడే చూపించేవాళ్లు తక్కువ. ఒకసారి కళ్ల మీదుగా గీత పోయిన ఫోటో పెట్టారు. కింద కామెంట్లన్నీ గీత గురించే. నేను అక్కడ ఉన్నానని ఎవరికీ పట్టలేదు. ఇంతసేపటి నుంచి ఇద్దరూ కర్టెన్లు, మిల్లీమీటర్లు అంటున్నారు. ఆ స్నేహితురాలికి నచ్చిందా అని ఒక్కరూ అడగలేదేం?

ఎనభైఐదు
నేననేది అదే. ముఖం ఎవరిదో ఫోటో వాళ్లది. వాళ్లు ఒద్దంటే ఒద్దు.

వంకరగీత
అదే అయితే నేను ఒప్పుకోను. పెట్టొద్దంటే పెట్టను, అది మర్యాద. కానీ బాగుందో లేదో తేల్చేది కూడా వాళ్లేనంటే ఇక మనం అద్దం పట్టుకుని నిలబడితే చాలు. ఎవరైనా తమ ముఖంలో తమకి అలవాటైనదే కోరుకుంటారు. కొత్తగా చూపిస్తే మొదట నచ్చదు. డబ్బిచ్చి తీయించుకునేవాళ్ల విషయంలో మీ మాట సరే. ప్రయోగానికని నిలబడ్డవాళ్ల విషయంలో కాదు.

కెమెరాముందు
ప్రయోగానికి నిలబడ్డప్పుడు కూడా ముఖం నాదేనండి. నచ్చడం నచ్చకపోవడం అటుంచండి, ఏం చేయబోతున్నారో ముందు చెప్తే నేనూ దానికి తగ్గట్టు నిలబడతా. మొదటి ఫ్లాష్ ఉత్తుత్తిది, రెండోదాకా ఆగు అని ఎవరైనా చెప్పారా? ఎనభైఐదు గారు "కళ్లు తిప్పేస్తుంది" అని మా మీద పెట్టారు.

ఎనభైఐదు
ఆ ముందు ఫ్లాష్ గోలే వద్దంటే ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెట్టాలి. నేను అదే చేస్తా.

సందెవెలుగు
ఆమెకి అప్పుడే స్క్రీన్ మీద చూపించాను. ఈ ఫ్రేమే పంపమంది. ఇప్పుడు ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకుంది.

ఎనభైఐదు
గోరంత స్క్రీన్ మీద ఏదైనా బాగుంటుంది. పెద్ద ప్రింట్ వేసి చూపించండి, అప్పుడు అడుగుదాం.

వంకరగీత
ఆవిడ ఒద్దంటే ఒద్దన్నారు, సరేనంటే ప్రింట్ వేయమంటున్నారు. భలే న్యాయం.

పైపైన
😂😂

ఎనభైఐదు
ప్రింట్ సంగతి అలా ఉంచండి. రియర్ కర్టెన్ సంగతి తేలలేదు. మీరు రెండు రకాలుగానూ తీయండి, లాగే దిశలు కూడా మార్చి. ఫైల్లో ఉండే సెట్టింగుల డేటా తీసేసి ఇక్కడ పెట్టండి. ఏది ఏదో ఎవరైనా చెప్పగలిగితే నేను మాట్లాడను.

వంకరగీత
ఈ వారాంతం పెడతా. మీరూ మీ 85తో 1/4 సెకను లాగి ఒకటి తీయాలి మరి. కెమెరాముందు గారూ, మీకు వీలైతే నిలబడతారా? ఏం చేయబోతున్నానో ముందే చెప్తా.

కెమెరాముందు
ఆలోచిస్తా. ఏది పెట్టాలో నేను కూడా చూశాకే.

ఫోన్‌చాలు
దీనికి ట్రైపాడ్ కావాలా?