‘రన్’, ‘పుట్’ లాంటి చిన్న మాటలు ఎలా నేర్పాలి?

మా చెల్లెలి కూతురు పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. పెద్ద మాటలతో దానికి పేచీ లేదు. ఫొటోసింథసిస్‌కి ఒకటే అర్థం, బట్టీ కొట్టేసింది. ప్రాణం తీసేవి చిన్నవే. ‘ట్యాప్ ఈజ్ రన్నింగ్’ అంటే కుళాయి పరుగెత్తడమేంటి పెద్దమ్మా అంటుంది. షాపు నడపడమూ రన్నే, ముక్కు కారడమూ రన్నే, అమెరికాలో ఎన్నికల్లో పోటీ చేయడమూ రన్నే (మనం నిలబడతాం, వాళ్లు పరుగెడతారు!).

1989 నాటి 20 సంపుటాల ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ‘సెట్’ అనే ఒక్క క్రియకే 400కు పైగా అర్థాలున్నాయి. అన్నీ ఎవరికీ అక్కర్లేదు, నిజమే. కానీ ఏవి ముందు చెప్పాలి?

ఇంట్లో ఉన్న ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు కామాలు పెట్టి అర్థాలు వరసగా ఇచ్చేస్తుంది, ఒక్క వాక్యమూ ఉండదు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. వీటిని ‘పుట్’ కింద కలిపి చెప్పాలా, వేటికవి కొత్త మాటల్లా నేర్పాలా? తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు దయచేసి చెప్పండి. ఉదాహరణ వాక్యాలున్న మంచి నిఘంటువు ఏదైనా ఉంటే పేరు కూడా రాయండి.